అర శ్రుతి పైన

ఆ ఏడు మే నెల మొదట్లో నా దగ్గర ఉన్నవి ఇవి: నాలుగు దారుల కూడలిలో ఒక కొట్టు, సరుకు తెచ్చుకునే లారీ, రెండు వందల పన్నెండు క్యాసెట్లు, మూత పడిన పియానో ఒకటి, ఆ పియానో ఉన్న గదిలోకి అడుగు పెట్టని భార్య.

క్యాసెట్ల నిండా ఫిడేలే. కెనడా తూర్పు కొసన ఉన్న మా కేప్ బ్రెటన్ దీవిలో ఫిడేలు వాయించేవాడు ఎక్కడ కుర్చీ వేసుకున్నా అతని కాళ్ళ దగ్గర అరడజను టేప్ రికార్డర్లు వరసగా కూర్చుంటాయి. వాటిలో ఒకటి నాది. ఆ టేపుల్ని అమ్మడం మర్యాద కాదు, మార్చుకోవాలి. డాన్ రోరీ వాయించిన టేపు ఒకటిస్తే ఇంకెవరివైనా మూడు ఇస్తారు. ఆ మారకం పెట్టింది నేనే, నిలబెట్టింది నేనే.

డాన్ రోరీ నా భార్య ఎఫీకి అన్న. రోరీ కొడుకు డాన్ అని అర్థం. మా వైపు డాన్‌లు చాలామంది, అందుకని తండ్రి పేరు తగిలిస్తాం. నన్ను మాత్రం కొట్టు హెక్టర్ అంటారు. మా నాన్న కన్నా కొట్టే ఎక్కువమందికి తెలుసు.

ఎఫీ పుట్టింట్లో పిల్లులకు కూడా తాళజ్ఞానం ఉందని ఊళ్ళో చెప్పుకుంటారు. నాకు తాళమూ రాదు, శ్రుతీ తెలియదు. కానీ నాకొక తూకం ఉంది, నా కుడికాలు. మంచి సంగీతం వింటే అది నా అనుమతి లేకుండా నేలను తంతుంది. నాసిరకం సంగీతానికి ఎంత బతిమాలినా కదలదు. ముప్ఫై ఏళ్ళుగా నేను తక్కెడను ఎంత నమ్మానో ఆ కాలినీ అంతే నమ్మాను. అది పూర్తిగా ఒప్పుకున్నవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు డాన్ రోరీ, అదీ వెనక ఎఫీ పియానో ఉంటేనే. రెండోవాడి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరిలో ఎఫీకి పక్షవాతం వచ్చింది. ఈస్టర్ నాటికి మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. ఎడమచేయి రాలేదు. మా వైపు పియానోలో ఎడమచేయే అసలు సరుకు. కుడిచేయి ఫిడేలు పక్కన నడుస్తుంది, ఎడమచేయి నేల పరుస్తుంది. ఆడేవాళ్ళ కాళ్ళు ఆ నేల మీదే పడతాయి.

డాన్ రోరీ పెళ్ళి చేసుకోలేదు. లోయ పైన గొర్రెలు పెంచుకుంటూ, రాత్రి భోజనానికి రోజూ మా ఇంటికి వస్తాడు. ఫిబ్రవరి నుంచి ఫిడేలు తేకుండా రావడం మొదలుపెట్టాడు. చర్చి పారిష్ హాల్లో గురువారం నాట్యాలకు వేరే పియానోతో వాయించమని ముగ్గురు వచ్చి అడిగారు. ముగ్గురికీ ఒకటే జవాబు. "నాకు పియానో ఉంది. ఒంట్లో బాగాలేదు, అంతే." ఆ మాట వంటింట్లో ఉన్న ఎఫీకి వినపడింది. ఆ తర్వాత ఆమె తన అన్న ముఖం చూడటం తగ్గించింది. తన చేయి పోతే పోయింది, అన్న చేతులు కూడా కట్టేశానన్నది ఆమె బాధ. నాతో అనలేదు. ఎడమచేతిని ఏప్రన్ కింద దాచుకుని తిరిగేది.

మే రెండో వారంలో కుడిచేత్తో ఒక అట్టముక్క మీద రాసి నా కౌంటర్ మీద పెట్టింది. పియానో అమ్మబడును, వివరాలకు లోపల అడగండి.

"కిటికీలో పెట్టు" అంది.

పెట్టాను. లోపల అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో నా ఇష్టం కదా. మొదట వచ్చినాయనకు పియానో లోపల ఎలుకలు పిల్లలు పెట్టాయన్నాను. తర్వాత వచ్చిన దంపతులకు ధర చెబితే నవ్వుకుంటూ పోయారు. గుమ్మంలోకి వచ్చిన గిరాకీని తరిమేయడం నా జన్మలో అదే మొదలు. జూన్‌లో మాత్రం దెబ్బతిన్నాను. సరస్సు వైపు హోటలు నడిపే ఒకాయన వచ్చి, నేను చెప్పిన ధర విని నవ్వకుండా సరే అన్నాడు. ఎఫీ అక్కడే ఉంది, తల ఊపింది. ఆగస్టు నెలాఖరుకు బండి తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళాడు.

అంటే నాకు మిగిలిన గడువు పది వారాలు. ఆ పియానో ఇల్లు దాటితే ఎఫీ మళ్ళీ ఏ పియానో ముందూ కూర్చోదు. డాన్ రోరీ ఫిడేలు గోడకే ఉండిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా నేను కాళ్ళ దగ్గర కూర్చుని విన్న సంగీతం రెండు వందల పన్నెండు డబ్బాల్లో ఊరగాయ అయిపోతుంది.

అప్పుడు రెండోవాడి దగ్గరికి వెళ్ళాను.

ప్రతి మంగళవారం నేను దీవి అవతలి ఒడ్డున ఉన్న సిడ్నీకి సరుకు కోసం వెళ్తాను. అక్కడ ఉక్కు కర్మాగారం వెనక విట్నీ పియర్ పేటలో పనివాళ్ళ క్లబ్బు ఒకటుంది. పగటి షిఫ్టు మూడింటికి దిగగానే ఉక్కు కోసం బొగ్గు కాల్చే కోక్ బట్టీల్లో పనిచేసే ఎల్డన్ గిటెన్స్ ముఖం కడుక్కుని అక్కడి పియానో ముందు కూర్చుంటాడు. వాళ్ళ తాత కరీబియన్ దీవి బార్బడోస్ నుంచి ఆ బట్టీల పనికే వచ్చాడు. ఎల్డన్ వాయించేది జాజ్. అతని ఎడమచేయి పియానో మెట్ల మీద నడుస్తుంటే, జీతం అందిన సాయంత్రం పనివాడు ఇంటికి నడుస్తున్నట్టు ఉంటుంది. తొందరపడదు, ఆగదు. తొమ్మిదేళ్ళుగా ఆ చేయి వినడం కోసం లారీని ఎండలో నిలబెట్టి వెన్న కరగబెట్టుకున్నాను. ఆలస్యమెందుకైందని ఎఫీ అడిగితే రోడ్డు బాగాలేదనేవాణ్ణి. ఇద్దరు పెళ్ళాలున్నవాడు కూడా అంత జాగ్రత్తగా ఉండడు.

ఆ మంగళవారం అతనికి అంతా చెప్పాను. ఎల్డన్ చివరిదాకా విని, గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ వాళ్ళ ఫిడేలు నాకు కొత్త కాదు, షావుకారూ. బట్టీల్లో నా పక్కనోళ్ళు సగంమంది మీ వైపు వాళ్ళే. ఆ పరుగు వెనక పరిగెత్తడం కష్టం కాదు. ఏ సందులోకి తిరుగుతాడో తెలియాలి కదా?"

చిక్కంతా అక్కడే ఉంది. మా ఫిడేలువాళ్ళు ఏం వాయించబోతారో ముందు చెప్పరు. ఒక వరసలోంచి ఇంకో వరసలోకి గుక్క తిప్పుకోకుండా దూకుతారు. పియానో మొదటి స్వరానికే కనిపెట్టి పట్టుకోవాలి. చెప్పమని అడగడం అవమానం, చెప్పడం అంతకన్నా అవమానం. ఎఫీ ముప్ఫై ఏళ్ళు అన్న వెనక కూర్చుంది కాబట్టి అతని భుజం కదలిక చూసి కనిపెట్టేది.

నేను సంచిలోంచి ఆరు క్యాసెట్లు తీసి బల్ల మీద పెట్టాను. పక్షవాతానికి ముందు చలికాలంలో మా ఇంట్లో వాళ్ళిద్దరూ వాయించినవి. వాటిని నేను ఎవరితోనూ మార్చుకోలేదు. డాన్ రోరీ ఒక వరస తర్వాత ఏది ఎత్తుకుంటాడో, దాని తర్వాత ఏదో, అన్నీ అందులో ఉన్నాయన్నాను.

"వీటికి బదులుగా ఏమివ్వాలి?"

"ఏమీ వద్దు."

"నీ ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు ఎల్డన్. కానీ టేపులు తీసుకున్నాడు.

అయిదు వారాలు విన్నాడు. తిండి తినేటప్పుడూ అవేనట, వాళ్ళావిడ క్యాసెట్లనో తననో ఏదో ఒకటి బయటపెడతానందట. జూలై ఆఖరి మంగళవారం "వచ్చింది" అన్నాడు. ఆదివారం చాయ్‌కి రమ్మన్నాను.

ఇంట్లో ఏర్పాట్లు అబద్ధం ఆడకుండా చేసుకోవడం కొంచెం పనే. హోటలుకు ఇచ్చేముందు ఒకాయన పియానో చూడటానికి వస్తున్నాడన్నాను. నిజమే కదా. డాన్ రోరీకి కొత్త తంత్రులు వచ్చాయని, ఫిడేలు తెచ్చి మార్చుకోమని చెప్పాను. ఊరికే ఇస్తే అనుమానపడతాడు, అందుకని పూర్తి ధర తీసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఎల్డన్ కోటు వేసుకుని, వాళ్ళావిడ పంపిన కేకు పట్టుకుని వచ్చాడు. ఎఫీ చాయ్ పోసి, మొలాసిస్ అనే చెరకు పాకంతో బిస్కెట్లు పెట్టి, మర్యాదగా రెండు మాటలు మాట్లాడి వంటింట్లోకి వెళ్ళిపోయింది. డాన్ రోరీ గదిలో మూల కూర్చుని తంత్రులు బిగిస్తున్నాడు. ఎల్డన్ పియానో మూత తీశాడు. ఆరు నెలల తర్వాత ఆ చెక్క కీచుమంది. డాన్ రోరీ తల ఎత్తి చూశాడు.

నేను ఇక దాచలేదు. ఇతను నీ వరసలు నేర్చుకున్నాడు, ఒక్కసారి విను, నచ్చకపోతే తంత్రుల డబ్బు వాపసు ఇస్తానన్నాను. ఆ డబ్బు వాపసు మాటకే డాన్ రోరీ లొంగాడనుకుంటాను. నేను ఎవరికీ ఏదీ వాపసు ఇవ్వనని పారిష్ అంతా ఎరుగుదురు. కమాను తీసుకుని, పాదంతో రెండు దెబ్బలు వేసి, రీలు అనే పరుగు నాట్యపు వరస ఎత్తుకున్నాడు.

ఎల్డన్ మొదటి స్వరానికే కలిశాడు.

నాకు శ్రుతి తెలియదని చెప్పాను. ఆ రోజు తెలిసింది. రెండు బండ్లు ఇరుకు వంతెన మీద ఎదురెదురుగా వచ్చి గీసుకున్నట్టుంది. ఎల్డన్ చేతులు లాక్కున్నాడు. డాన్ రోరీ ఆపి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అదే రాపిడి. నా కుడికాలు రాయిలా ఉండిపోయింది.

డాన్ రోరీ ఫిడేలును గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఎల్డన్ మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అయిదు వారాల కష్టం, రెండున్నర గంటల ప్రయాణం. ఇంత నష్టం వచ్చే బేరం నేను ఎన్నడూ చేయలేదు.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర నుంచి ఎఫీ గొంతు వినపడింది.

"డాన్, పెట్టె మూయకు."

గదిలోకి వచ్చింది. వచ్చి పియానో పక్కన నిలబడింది. "మీరొక్కరే వాయించండి" అంది ఎల్డన్‌తో. "ఇందాకటిదే."

అతను వాయించాడు. సగం నుంచి ఎఫీ ముఖం మారింది. మూడో భాగం దగ్గర ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది.

"మళ్ళీ అది ఒకసారి." అతను అదే చోటు మళ్ళీ వాయించాడు. "అక్కడ నా చిటికెనవేలు జారింది" అంది ఎఫీ. "జనవరిలో. ఈయన దాన్ని కూడా నేర్చుకున్నాడు."

"అది తప్పా?" అన్నాడు ఎల్డన్. "మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే."

ఎఫీ కుడిచేయి చాపి ఒక తెల్లమెట్టు నొక్కింది. "మేము వాయించేది ఇక్కడ." దాని పక్కన పైనున్న నల్లమెట్టు నొక్కింది. "మీరు మొదలుపెట్టేది ఇక్కడ. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్క మలుపు తప్పలేదు. అంతా అర శ్రుతి పైన ఉంది."

తర్వాత నావైపు తిరిగింది. ఫిబ్రవరి తర్వాత ఆమె నన్ను అంత సూటిగా చూడటం అదే మొదటిసారి.

"హెక్టర్, ఆ టేపులు రికార్డు చేసినప్పుడు ఏ బ్యాటరీలు వేశావు?"

గడువు దాటిన బ్యాటరీలు. అమ్మితే పాపం, పారేస్తే నష్టం, కాబట్టి నా రికార్డరులో వేసుకునేవాణ్ణి. నీరసపడిన బ్యాటరీలు టేపును మెల్లగా లాగుతాయి. అలా పట్టిన టేపును ఎల్డన్ ఇంట్లో గోడ కరెంటు మీద నడిచే మంచి యంత్రంలో వేస్తే వేగం పెరుగుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. నేను విన్నప్పుడల్లా నా యంత్రంలో, ఆ నీరసపు బ్యాటరీలతోనే విన్నాను. నాకు ఏ తేడా కనపడలేదు.

ఆ సంగతి చెప్పేశాను. ముందు నవ్వింది ఎల్డన్. "ఆ వయసులో అంత వేగమా, ఈయన గుండె ఇనుమా అనుకున్నా. పైగా ఆ నల్లమెట్టు మా బూరలవాళ్ళకి పుట్టిల్లు. ఫిడేలువాళ్ళు మా ఇంటికొచ్చి వాయిస్తున్నారని మురిసిపోయా."

డాన్ రోరీ నవ్వలేదు. కానీ పెట్టె తెరిచాడు. "బ్యాటరీల పిసినారి" అన్నాడు నన్ను. ఆరు నెలల్లో అతను నాతో వేసిన మొదటి పరాచికం అది.

అయిదు వారాలు నేర్చినదంతా ఎల్డన్ ఆ నిమిషంలోనే అర శ్రుతి కిందికి దించాడు. వాళ్ళకి అది రోజువారీ పని, పాడేవాళ్ళ గొంతును బట్టి మారుస్తూనే ఉంటారట. నాకైతే కొట్టంతా ఖాళీ చేసి పక్కింట్లో సర్దినంత పని అనిపించింది. ఫిడేలు, పియానో కలిసి కదిలాయి. నేను చూస్తున్నది మాత్రం ఎఫీని. చూపించడానికి చాపిన కుడిచేయి మెట్ల మీదే ఉంది. తీయడం మరిచిపోయిందేమో. కాసేపటికి ఆ వేళ్ళు పైమెట్ల మీద మెల్లగా నడవడం మొదలుపెట్టాయి. ఎల్డన్ ఆమెవైపు చూడలేదు. వాయిస్తూనే స్టూలు మీద ఎడమకు జరిగాడు. ఎఫీ పక్కన కూర్చుంది.

కిటికీలో అట్టముక్క మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత ఆదివారమూ, మధ్యలో ఒక బుధవారమూ ఎల్డన్ వచ్చాడు. తలుపులు వేసుకుని వాయించేవారు. ఆగస్టు మూడో ఆదివారం పారిష్ పిక్నిక్. చర్చి ఫాదర్ వచ్చి, ఎవరో వాయిస్తున్నారని విన్నానే అని డాన్ రోరీని కదిపి చూశాడు. డాన్ రోరీ చెల్లెలి వైపు చూశాడు. మీరిద్దరూ వెళ్ళండి, ఒక చేత్తో వాయించేదాన్ని జనం జాలిపడి చూస్తుంటే నేను కూర్చోలేనంది ఎఫీ. ఆమె లేకుండా తాను వెళ్ళనని డాన్ రోరీ. అక్కడికి ఆ మాట ఆగిపోయింది.

దాన్ని కదిలించింది పోస్టాఫీసు జెస్సీ. ఊరి ఉత్తరాలన్నీ ఆమె చేతి మీదుగా వెళ్తాయి, ఊరి మాటలన్నీ ఆమె నోటి మీదుగా. గురువారం కొట్టుకు వచ్చి, రొట్టెల ఈస్టు తూకం వేస్తుంటే అడిగింది.

"కోక్ బట్టీల ఆయన, ఒంటిచేతి ఆవిడ, మూగనోము పట్టిన ఫిడేలు. నీ సర్కస్ ఎప్పుడు, హెక్టర్?"

"ఏనుగు ఒప్పుకోగానే. అందుకే నిన్నడుగుదామనుకుంటున్నా."

జెస్సీ నవ్వుకుంటూనే పోయింది, ఆమె మాటల్లో విషం ఉండదు, జాలీ ఉండదు. కానీ ఎఫీ వెనకగదిలో పిండిబస్తాలు లెక్కపెడుతోంది. బయటికి వచ్చి కౌంటర్ ముందు నిలబడింది.

"ఆదివారం పియానో లారీ ఎక్కించు."

హాల్లో పియానో ఉంది కదా అన్నాను.

"అది కాదు. నాది."

పిక్నిక్ మైదానంలో నాట్యానికి పలకలతో వేదిక కట్టారు. లారీ వెనకభాగం దాన్ని ఆనుకునేలా నిలిపాను. పియానో లారీ మీదే ఉంది, దాని ముందు ఇద్దరు పట్టే చర్చి బల్ల ఒకటి. డాన్ రోరీ తన కుర్చీని లారీకి ఎడంగా, వేదిక అంచున వేసుకున్నాడు. ముందు నేల మీద టేప్ రికార్డర్లు పదకొండు. మధ్యాహ్నం రెండు. లాబ్‌స్టర్ శాండ్‌విచ్‌ల దగ్గర రద్దీగా ఉంది కానీ వేదిక మీద ఉన్నది ఒకే ఒక్క జట్టు, ఎనిమిదిమంది. మిగతా జనం చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. మా వాళ్ళు చేతులు కట్టుకున్నారంటే తక్కెడలో వేశారని అర్థం. వాళ్ళలో హోటలాయన కూడా ఉన్నాడు. తాను కొన్న పియానోను పొలంలో ఎందుకు పెట్టారో తెలుసుకోవడానికి వచ్చాడు.

ఎఫీ ఎడమచేయి శాలువా కింద ఉంది. డాన్ రోరీ వెనక్కి చూడకుండా ఎత్తుకున్నాడు. మొదటి వరస బాగానే నడిచింది, రెండోది ఇంకా బాగా. చేతులు కట్టుకున్నవాళ్ళు విప్పలేదు. టేపులు విని నేర్చుకున్నది టేపుల్లాగే ఉంటుంది, అది వాళ్ళకు తెలిసిపోతుంది.

అప్పుడు డాన్ రోరీ దూకాడు. టేపుల్లో ఉన్న దానిలోకి కాదు. వాళ్ళమ్మ పాలు పితుకుతూ పాడుకునే వరస ఒకటుంది. దాన్ని అతను ఇరవై ఏళ్ళుగా బయట వాయించలేదు, నా రెండు వందల పన్నెండు క్యాసెట్లలో ఎక్కడా లేదు. ఎల్డన్‌ను పరీక్షించాలనుకున్నాడో, చేతులే అటు తీసుకుపోయాయో ఇప్పటికీ చెప్పడు. ఎల్డన్ ఎడమచేయి గాల్లో ఆగడం నేను చూశాను. ఒక్క అడుగు పడేంతసేపు వెనక నేల లేదు.

ఎఫీ కుడిచేయి ఆ వరసను పట్టుకుంది. ఆమె చూసింది డాన్ రోరీ భుజాన్ని. ఆమె మూడు స్వరాలు వేసేసరికి ఎల్డన్ ఆమె వేళ్ళ వెంట తన ఎడమచేతిని వదిలాడు. ఈసారి ఆ చేతికి నకలు తీయడానికి టేపు లేదు. క్లబ్బులో తొమ్మిదేళ్ళుగా నేను విన్న అదే నడక, జీతం అందిన సాయంత్రం నడక, మా అత్తగారి పాట కింద నడిచింది. ఆ పాట కిందకి అది ఎప్పటి నుంచో రావలసి ఉన్నట్టు వచ్చింది.

డాన్ రోరీ వాయించడం ఆపలేదు. పాదంతో తాళం వేస్తూనే, రెండో పాదాన్ని కుర్చీ కాలికి మెలేసి, కుర్చీతో సహా పియానో వైపు జరిగాడు. ఎంతో దూరం కాదు, ఒక జానెడు.

మా ఊళ్ళో అది అందరికీ అర్థమయ్యే మాట. కట్టుకున్న చేతులు విడిపోయాయి. రెండో జట్టు ఎక్కింది, మూడోది, ఆరోది. జెస్సీ ఫాదర్ చేయి పట్టుకుని లాక్కెళ్ళింది. నా కుడికాలు చాలక ఎడమది కూడా తోడు తెచ్చుకుంది. నాట్యం అయిదో సెట్టులో వేదిక పలకలు మూడు ఫెళ్ళుమన్నాయి. ఆ పలకలు నా కొట్టువే. సిగ్గుపడుతూ సుత్తి, మేకులు తెచ్చి కొడుతుంటే ఆడేవాళ్ళు నా తల మీదుగా దాటుకుంటూ ఆడారు. ఎవరూ ఆగలేదు, సంగీతమూ ఆగలేదు. నాసిరకం పలక అమ్మావని ఒకడు, మేకులకు కూడా డబ్బు పుచ్చుకుంటావా అని ఇంకొకడు. పుచ్చుకుంటానన్నాను.

ఏ సెట్టులోనో తెలియదు, నేను తల ఎత్తి చూసేసరికి శాలువా ఎఫీ ఒళ్ళోంచి జారి లారీ మీద పడి ఉంది. ఎడమచేయి అందరికీ కనపడుతూ ఒళ్ళో ఉంది. ఆమె శాలువా తీసుకోలేదు. మళ్ళీ కప్పుకోవడానికి తీరిక లేదు.

ఎండ వాలుతుండగా ఆపారు. హోటలాయన లారీ దగ్గరికి వచ్చాడు. నేను జీవితంలో బేరం కుదిరాక మాట తప్పలేదు, ఇప్పుడెలా తప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. చెమట తుడుచుకుంటూ ఎఫీయే చెప్పింది. "ఇది అమ్మకానికి లేదు."

"నేనైనా అమ్మను" అన్నాడు ఆయన. జోడుకు అంటుకున్న పలకల పొట్టు దులుపుకుంటున్నాడు. ఎప్పుడో వేదిక ఎక్కి దిగాడన్నమాట.

డాన్ రోరీ ఫిడేలును గుడ్డలో చుట్టి, లారీ అంచున కూర్చున్న ఎల్డన్ ముందు నిలబడ్డాడు. బాగా వాయించావని మా వాళ్ళు అనరు. "మీ నాన్న పేరేమిటి?" అని అడిగాడు.

"జోసెఫ్."

"ఆయన నాన్న?"

"క్లెమెంట్."

డాన్ రోరీ తల ఊపాడు. "ఎల్డన్ జోసెఫ్ క్లెమెంట్" అన్నాడు, బరువు చూస్తున్నట్టు. "గురువారం హాల్లో ఎనిమిదింటికి మొదలు."

చెట్లు ఎర్రబడేనాటికి ఊరంతా అతన్ని ఆ మూడు తరాల పేరుతోనే పిలుస్తోంది. గురువారం గురువారం షిఫ్టు దిగి వస్తాడు, రాత్రి మా ఇంట్లోనే పడుకుంటాడు, పొద్దున్నే ఎఫీతో ఒక గంట వాయించి, మార్పించుకున్న మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్తాడు. పొద్దున వాయించేది జాజ్. ఎఫీకి అది కష్టంగా ఉంది, అందుకే మానడం లేదు. డాన్ రోరీ గొర్రెల్ని వదిలేసి వచ్చి, వినడం లేదన్నట్టు గుమ్మంలో నిలబడతాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున కొట్టు తెరవడం ఆలస్యమవుతున్నా కదలకుండా కూర్చుని లెక్క చూసుకున్నాను. ఫిబ్రవరికి ముందు మా ఇంట్లో వాయించే చేతులు నాలుగు. డాన్ రోరీవి రెండు, ఎఫీవి రెండు. వాటిలో ఒకటి పోయింది, అది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు, నేనూ నష్టం కిందే రాసుకున్నాను. ఆ ఒక్కదాని కోసం వేసవంతా తిరిగాను. ఇప్పుడు మా గదిలో వాయించే చేతులు ఐదు.